ఏసమ్మత్త ఇంటికి బస్తాల పరీక్ష

మా ఏసమ్మత్త ఇల్లు తెనాలిలో ఒక షెడ్డులో తయారై, ట్రైలర్ మీద ఊరేగుతూ వచ్చి, బాపట్ల అవతల ఆమె మూడు సెంట్ల స్థలంలో సిమెంటు దిమ్మల మీద దిగింది. ఇనుప చట్రం, రేకు గోడలు, రెండు బుల్లి గదులు. అక్కడితో ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ అంద్రెయ మామయ్య వెల్డరు. కటింగ్ మిషను చేతిలో ఉన్నవాడికి ఇనుప ఇల్లు దొరికితే ఊరుకుంటాడా? మధ్య గోడ కోసేశాడు. దాంతోపాటు కప్పును మోస్తున్న నడిమి స్తంభాన్నీ కోసేశాడు. అది చాలదన్నట్టు, సరిగ్గా ఆ చోటికి పైన, కప్పు మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు ఎక్కించాడు.

ఇదంతా స్త్రీల సమాజం కోసం. మా లూథరన్ సంఘంలో ఆడవాళ్ళు వారానికొకరింట్లో ప్రార్థనకు కూడతారు. అత్త పదకొండేళ్ళుగా సభ్యురాలే అయినా, ఆమె అద్దె గదిలో ఇరవై మంది పట్టరని ప్రతిసారీ ఆమె వంతు దాటేసేవారు. ఇప్పుడు హాలు వచ్చింది, శనివారం నాలుగింటికి వంతూ వచ్చింది. అంతలో అధ్యక్షురాలు రిబ్కమ్మగారు, "కోసిన ఇల్లు కదమ్మా, ఇంజినీరు సరేనంటే వస్తాం" అన్నారట. ఆ ఇంజినీరును నేనే. సంతకంలో బ్లెస్సీని, అత్త నోట్లో పింకీని.

శుక్రవారం పొద్దున వెళ్ళి చూస్తే కప్పు పొట్ట జార్చుకుని ఉంది. తలుపు పడటం లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఈ ఇంట్లో మీటింగ్ కాదు, పిల్లి కూడా పడుకోకూడదు. స్తంభం ఏది మామయ్యా?"

"పారేయలేదమ్మాయ్. వాడుకున్నాం."

పెరట్లో సొరపాదు పందిరిని మోస్తోంది ఆ స్తంభం. అత్త కొత్తగా కొన్న రెండు చాపలను విప్పి, మళ్ళీ చుట్టి, మూలన నిలబెట్టింది. ఆ చాపలు చూసేసరికి నా కోపం సగం దిగిపోయింది. ఎలాగైనా ఈ ఇంటిని నిలబెట్టాలనిపించింది.

ట్యాంకు ఖాళీ చేయించి కిందికి దింపించాను. జాకీలతో కప్పు లేపించి, పందిరి కింద నుంచి స్తంభం పీకించి, కోసినచోటే మామయ్య చేత మళ్ళీ వెల్డింగ్ పెట్టించాను.

"హాలు మధ్యలో ఇదేంటే, అడ్డంగా?" అంది అత్త.

"ఆనుకుని కూర్చో. నీకే నడుం నొప్పి."

ఇక నేల ఇరవై మందిని మోస్తుందో లేదో చూడాలి. ఎదురింటి రైతును బతిమాలి డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు ఇరవై నాలుగు తెప్పించి, హాలంతా పరిపించాను. నేల కింద దారం లాగి కట్టి, ఎంత వంగిందో కొలిచాను. మొత్తం పద్దెనిమిది వందల కిలోలు. శనివారం మధ్యాహ్నం దాకా ఆ బరువు మోసి, దించాక నేల యథాస్థానానికి వస్తే, అందులో మూడింట రెండు వంతులకు, అంటే పన్నెండు వందల కిలోలకు సంతకం పెడతానన్నాను. ఆ రాత్రి అత్తా మామయ్యా అరుగు మీదే పడుకున్నారు, ఇంట్లో బస్తాలు హాయిగా పడుకున్నాయి.

శనివారం బస్తాలు దించాక కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు వంగిన నేల బుద్ధిగా పైకొచ్చేసింది. నేను గంతేసినంత పని చేశాను. సమాజం వచ్చింది. తలుపు దగ్గర పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి బరువూ అడిగాను.

యాభై. యాభై. యాభై. వరసగా ఇరవై మందీ యాభయ్యే. మా సంఘంలో ఇంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు.

"ఇలా అయితే సంతకం పెట్టను," అన్నాను.

గోడ అవతల నుంచి చూస్తున్న సుబ్బరత్నం నవ్వింది. ఆమె సూర్యలంక నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. "నా కాటా ఉందిగా అమ్మాయ్. కడిగే ఉంచాను," అని మోసుకొచ్చి అరుగు మీద పెట్టింది.

మొదట రిబ్కమ్మగారు ఎక్కారు, బైబిలు చంకలో పెట్టుకుని. డెబ్బై ఎనిమిది.

"అది బైబిలు బరువమ్మా," అన్నారు గంభీరంగా.

"ఐసుకైతే తరుగు తీస్తానండి. బైబిలుకు తీయమంటారా?" అంది సుబ్బరత్నం.

రిబ్కమ్మగారే ముందు నవ్వారు. ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. చెప్పులు విప్పేవాళ్ళు, గాజులు తీసేవాళ్ళు, ఊపిరి బిగబట్టేవాళ్ళు. "ఊపిరికి బరువుండదు వదినా, వదులు," అని వెనక నుంచి ఒకరు. అత్త చివర ఎక్కింది. ముప్పై తొమ్మిది. మొత్తం కూడితే పదకొండు వందల అరవై మూడు.

పన్నెండు వందల లోపే. సంతకం పెట్టేశాను. చాపలు పరిచారు. అత్త స్తంభానికి ఆనుకుని, పెళ్ళికూతురిలా తల వంచుకుని కూర్చుంది.  చెప్పులు విడిచి నేనూ లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఆగమ్మాయ్. నువ్వెంత?" అంది సుబ్బరత్నం.

ఎక్కాను. అరవై నాలుగు. పదకొండు వందల అరవై మూడుకు అరవై నాలుగు కలిపితే పన్నెండు వందల ఇరవై ఏడు. మామయ్య పులిహోర గిన్నె దగ్గర కూర్చుని విరగబడి నవ్వాడు. నేను బయటే, కిటికీ కింద, ఆయన పక్కనే కూలబడ్డాను.

లోపల రిబ్కమ్మగారి గొంతు వినిపించింది. "ఈ వారం కూడిక ఏసమ్మగారింట్లో." పదకొండేళ్ళకు ఆ మాట. నా కళ్ళు చెమర్చాయి. అంతలో, స్తంభం వదిలి కిటికీ దాకా జరిగినట్టుంది, అత్త సన్నని చెయ్యి కిటికీలోంచి దిగి నా తల నిమిరింది.

"లోపల ప్రార్థన జరుగుతోందత్తా. సరిగ్గా కూర్చో."

"కూర్చున్నాలేవే," అంది అత్త గుసగుసగా. "చెయ్యి బయటే ఉంది. నీ లెక్కలోకి రాదు."