మోడెం మీద నెపం

హై అంటే మంచిదే కదా, ఎంత కాపలా ఉంటే అంత మంచిది, ఇంట్లో ఒంటరి మనిషికి ఇంకేం కావాలి అనుకుని మోడెం పెట్టిన రోజే ఫైర్‌వాల్‌ను పైమెట్టు ఎక్కించి కూర్చోబెట్టింది, ఇప్పుడదే చెల్లెలి గొంతును గుమ్మంలో ఆపేస్తోందని అనుమానం, లేకపోతే ఇంటర్నెట్ ఫోను ఇన్నాళ్లు మూగనోము పడుతుందా, చెల్లి అంత పంతం మనిషి కాదు, అలిగినా అన్నం వేళకి కరిగిపోయేది, ఇద్దరూ కలిసి నడిపిన ఈ కుట్టుగదిలోనే గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని, జోకు పూర్తికాకముందే తనే నవ్వేసి, ఆగవే అక్కా, సూది మింగేస్తానే అనేది, ఆ నవ్వు వినాలనుంది, ఒక్కసారి వినాలనుంది, తిట్టినా సరే.

లైన్లో సర్వీసు మనిషి చెబుతూనే ఉన్నాడు, అమ్మా, న్యాట్ అని ఉంది చూడండి, దాన్ని కదిలించకండి, బయటివాళ్లకి ఇంటి అడ్రసే తెలుస్తుంది, లోపల ఎవరెవరున్నారో తెలియదు, లోపలినుంచి ఎవరైనా ముందు పలకరిస్తే ఆ జవాబుని సరిగ్గా వాళ్లకే అందిస్తుంది, పిలవని పేరంటాన్ని రానివ్వదు, ఊఁ అంటూనే ఆమె ఫైర్‌వాల్‌ను హై నుంచి మీడియంకి దించింది, చెల్లితో గొడవంతా ఒక కాలరు దగ్గర, ఇంత చిన్న కాలరేమిటే అని తను, అందరూ ఇదే అడుగుతున్నారక్కా అని అది, మాటకి మాట పెరిగి, నువ్వు లేకపోతే నా కత్తెర ఆడదనుకున్నావా, పో అని తను, కత్తెర ఆడుతూనే ఉంది, తనకే కాళ్లూ చేతులూ ఆడటం లేదు, సేవ్ నొక్కనా బాబూ, ఇక మా చెల్లి కాల్ వస్తుందా, అతను కాస్త తటపటాయించి, అమ్మా, ఇందాక లైను కట్టయితే నేను తిరిగి చేసింది ఈ ఫోనుకే కదండీ, మీరింకా ఏమీ మార్చకముందే మోగింది.

అవును, దీనికే, గంట మోగగానే చెల్లేనని పరుగెత్తి ఎత్తి, మగగొంతు విని ఉసూరుమంది కూడాను, మరి హైలో ఉండగా ఎలా వచ్చింది బాబూ అంటే, ఆ ఫోను మధ్యమధ్యన తనంతట తనే బయటికి పలకరిస్తూ ఉంటుందమ్మా, దారి మూసుకుపోకుండా, అందుకే ఎవరు చేసినా వస్తుంది, పాపం ఏమీ ఎరుగని మోడెం ఆకుపచ్చగా మిణుకుమంటోంది, నెపమంతా దాని మీదకి నెట్టి ఎదురుచూసిందే గానీ, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తను చెల్లిని పలకరించిందా, ఏదీ మార్చనులే బాబూ, పెట్టేస్తున్నాను, నాకు లైను కావాలి, చెల్లి చేయలేదు, చేయదు, అక్క పొమ్మన్నాక చెల్లెలు ఎలా చేస్తుంది, చేయాల్సింది తనే.