ఆకుపచ్చ దీపం ఆరేదాకా

మా అత్తగారు భార్గవియమ్మ ఫోన్ చేసేసరికి నేను రేవులో నిలబడి ఉన్నాను. బడి వదిలిపెట్టారు. కాయలు అని మేం పిలిచే ఉప్పుటేరు మీద ఆకాశం కాటుక పులిమినట్టు ఉంది. తులామాసంలో, అంటే దీపావళి రోజుల్లో, మధ్యాహ్నం దాటాక ఉరుములు రావడం మాకు కొత్త కాదు. పొద్దున బట్టలు ఆరేసేటప్పుడే సాయంత్రం వాటిని ఎవరు తీస్తారో చెప్పుకుని బయటికి వెళ్తాం.

"మోళే, నువ్వేం కంగారుపడకు. మొదటి ఉరుముకే అన్నీ పీకేశాను," అంది ఆవిడ. నన్ను కూతురిలా 'మోళే' అనే పిలుస్తుంది.

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీ. టీవీ, ఫ్రిజ్, మిక్సీ, ఇన్వర్టరు. మీ గుడ్ల పెట్టె కూడా."

"ఆ పెట్టె మీది చిన్న కంప్యూటరుకి విడిగా బ్యాటరీ ఉందిలేమ్మా, గోడ ప్లగ్గు తీసినా అది ఆగదు."

"ఆ బ్యాటరీలోంచి సన్న తీగ ఒకటి వేలాడుతోందిగా, అదీ పీకేశాను. పిడుగుకి సన్నదేమిటి, లావుదేమిటి? సరే, పెట్టేస్తున్నా. మెరుపుల్లో ఫోన్ పట్టుకోకూడదు."

మళ్ళీ చేశాను. ఫోన్ కూడా కట్టేసింది.

నా పక్కనే తవుడు బస్తా మీద కూర్చున్న నా ఆడబిడ్డ సుమంగల తలెత్తి చూసింది. "అమ్మేనా? పెట్టె సంగతి ఏమంది?"

చెప్పకుండా ఉండలేకపోయాను. "తీసేసిందట. సన్న తీగ కూడా."

సుమంగల బస్తా మూతికి కట్టిన తాడుని విప్పి మళ్ళీ బిగించి కట్టింది.

ఆ పెట్టెలో ఉన్నవి బాతుగుడ్లు. పోయిన ఏడాది చివర్లో రోగం వచ్చి ప్రభుత్వం వాళ్ళు మా పొలాల్లోని బాతులన్నిటినీ తీసుకెళ్ళి కాల్చేశారు. పొదగడానికి వాడే పెంపుడు కోళ్ళనీ వదల్లేదు. బాతుల మంద వెంట సుమంగల వేసుకెళ్ళే దోనె అప్పట్నుంచీ మా పెరట్లో బోర్లా పడి ఉంది. దాని కడుపు మీద నాచు పట్టింది. కాయలుకి అవతలి ఒడ్డున ఒక ముసలాయన దగ్గర మాత్రం పాత చార జాతి బాతులు మిగిలాయని తెలిసి, వెళ్ళి బతిమాలి ఈ గుడ్లు తెచ్చుకుంది. "ఇవి పిల్లలైతే సరే. లేకపోతే ఆదివారం దోనెలు కొనే తంకప్పన్ వస్తాడు, దోనె ఇచ్చేస్తాను. పట్నంలో బట్టల కొట్టులో నిలబడతాను," అంది. సుమంగల ఒకసారి అన్నాక మళ్ళీ మార్చే మనిషి కాదు.

పెట్టె తయారుచేసింది నేను. థర్మాకోల్ డబ్బా, బల్బులు, చిన్న ఫ్యాను, వాటిపైన పేకముక్కల పెట్టెంత కంప్యూటరు. అందులో మా బడుల్లో పిల్లల దగ్గర్నుంచి మేష్టర్ల దాకా అందరం వాడే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. నేను సాంఘికశాస్త్రం చెప్పేదాన్నే అయినా టీచర్లకిచ్చిన శిక్షణలో నాకు ఆ పిచ్చి పట్టింది. పెట్టెలో వేడి తగ్గితే అది బల్బులు వెలిగిస్తుంది, పెరిగితే ఆర్పేస్తుంది. జీరో బల్బుకి పట్టేంత కరెంటు కూడా తినదు. ఎప్పుడెంత వేడి ఉందో ఎప్పటికప్పుడు తన మెమరీ కార్డులో రాసుకుంటూనే ఉంటుంది.

అలా రాసుకుంటున్నప్పుడు కరెంటు లాగేయకూడదు. ఆ సంగతి ఇంట్లో చెప్పాలని నాకు తోచలేదు. బ్యాటరీ పెట్టాను కదా అనుకున్నాను.

"కుంజుమోన్, దాటించవా?" అని పడవవాడిని అడిగాను.

"ఇప్పుడా టీచరే?" అతను గొడుగు కింద బీడీ ఆర్పుకున్నాడు. "నడినీళ్ళలో మన తలకాయలే ఎత్తు. పిడుగుకి వెతుక్కునే శ్రమ కూడా ఉండదు."

"ఇంట్లో గుడ్లున్నాయి."

"నా ఇంట్లో పెళ్ళాం ఉంది. నేను ఆగట్లేదూ?"

సుమంగలకి కూడా నవ్వొచ్చింది గానీ పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. "పొద్దున ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గీకుడు వినిపించింది చేచీ," అంది నెమ్మదిగా. "నీకు చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందేమోనని."

మెరుపులు దూరం జరిగేదాకా కుంజుమోన్ గడ ముట్టుకోలేదు. అంతసేపూ ఇంట్లో ఆ పెట్టె చల్లబడుతూనే ఉందని ఇద్దరికీ తెలుసు.

ఇల్లు చేరేసరికి అత్తగారు నడవాలో చీకట్లో కూర్చుని ఉంది. పీకిన తీగలన్నిటినీ చుట్టలు చుట్టి బల్ల మీద వరసగా పెట్టింది. ఒకప్పుడు ఈ ఇంట్లోనే పిడుగు తీగ వెంట దిగి టీవీని కాల్చి, గోడని నల్లగా చేసి, ఆవిడ కుడిచేతిని నెలల తరబడి మొద్దుబారేట్టు చేసింది. గోడకి పట్టిన ఆ మచ్చ మీద ఎన్నిసార్లు సున్నం వేసినా నలుపు పైకి తేలుతూనే ఉంటుంది.

నేను మొదట ఇన్వర్టరు, తర్వాత పెట్టె ప్లగ్గు, ఆ తర్వాత ఆ సన్న తీగ పెట్టాను. చిన్న కంప్యూటరు మీద ఎర్ర దీపం వెలిగింది. పక్కన ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమనాలి. కార్డులోంచి చదువుకుంటున్నానని అది చెప్పే తీరు అదే. ఒకసారి మినుకుమని ఆగిపోయింది. టీవీకి తగిలించి చూశాను. తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకి, ఒక చోట ఆగి, కదలకుండా ఉండిపోయాయి. తన ఇంటికి తనే దారి తప్పిన మనిషిలా ఉంది దాని వాలకం. బల్బులు వెలగలేదు. పెట్టెలో వేడి చూపించే ముల్లు ఉండాల్సిన చోటుకి బాగా కిందకి జారి ఉంది.

"తీగ పెట్టావుగా, ఇంకా లేవదేం?" అంది అత్తగారు వెనకనుంచి.

"రాసుకుంటుంటే చేతిలోంచి కాగితం లాగేసినట్టయిందమ్మా. ఎక్కడిదాకా రాసిందో దానికే తెలియట్లేదు."

"ఎవరు లాగారు?"

ఆవిడ కాసేపు తీగల చుట్టల వైపు చూసింది. తర్వాత గోడకి ఆనుకుంది.

సుమంగల బల్బుల తీగని చిన్న కంప్యూటరు నుంచి ఊడదీసి, గోడ ప్లగ్గుకే నేరుగా కలిపింది. ఒక కన్ను ముల్లు మీద పెట్టి, వేలు స్విచ్చి మీద పెట్టి కూర్చుంది. వెలిగించడం, ఆర్పడం, మళ్ళీ వెలిగించడం. కంప్యూటరు చేసే పని ఇప్పుడు ఆమె వేలు చేస్తోంది. "బాతుల్ని వాళ్ళు తీసుకెళ్ళారు," అంది తల తిప్పకుండా. "గుడ్ల పని మా అమ్మే చూసుకుంది."

"సుమంగలా," అన్నాను.

"నేనేమన్నాను చేచీ? ఉన్నదే అన్నాను."

అలా ఎంతసేపు కూర్చోగలదు? రాత్రంతా, రేపంతా, గుడ్లు పగిలేదాకా. కాస్త కునుకు పడితే లోపల ఉడికిపోతాయి, లేదా చల్లబడి చచ్చిపోతాయి. కార్డు బాగుపడాలి, ఇంక వేరే దారి లేదు. కార్డుకి నకలు తీసి పెట్టుకోమని శిక్షణలో సారు పదేపదే చెప్పాడు. చీరలకి జాకెట్లు కుట్టించుకోవడం లాగా అదీ రేపు, ఎల్లుండి అనుకుంటూ వదిలేశాను.

బడినుంచి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ తీశాను. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, గోడ కరెంటు మీదే నడుస్తుంది. కార్డు అందులో దూర్చి, తప్పులు వెతికి సరిచేసే ఆదేశం కొట్టాను. అది ఒక్కొక్క తప్పూ చూపించి, సరిచేయనా అని అడుగుతుంది. అవునన్న అక్షరం నొక్కితే ముందుకెళ్తుంది.

అత్తగారు వచ్చి నా వెనక నిలబడింది. "ఏమడుగుతోంది?"

"ఇది బాగుచెయ్యనా అని."

"చెయ్యమను."

నొక్కాను. ఇంకొకటి అడిగింది. నొక్కాను. ఇంకొకటి.

"మళ్ళీ ఏమిటట?"

"అదే. ఇంకోచోట."

"పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు కూడా ఇన్ని అడగరు," అంది. గొంతు మాత్రం నవ్వుతున్నట్టు లేదు. "బాగుచెయ్యి అని ఒక్కసారే చెబితే వినదా?"

వింటుంది. అన్నిటికీ ఒకేసారి అవునని చెప్పే మార్గం ఉంది. భయపడి నేనే ఒక్కొక్కటీ చదువుతున్నాను. ఏది పోతోందో తెలియకుండా అవునని ఎలా అనను?

అప్పుడు మళ్ళీ ఉరిమింది. దూరం వెళ్ళిన వాన తిరిగొచ్చింది. కిటికీలో కొబ్బరి మట్టలు తెల్లగా వెలిగి ఆరాయి.

అత్తగారు ఆలోచించలేదు. ఉరుముకి ఆవిడ కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. నేను తల తిప్పేసరికి మెయిన్ స్విచ్చి పిడి మీద చెయ్యి వేసి ఉంది.

"అమ్మా, తియ్యకు. ఇప్పుడు తీస్తే ఈ కార్డులో ఇంక ఏమీ మిగలదు."

"నీ చెయ్యి దాని మీదుంది మోళే. దాని చెయ్యి తీగ మీదుంది." ఆవిడ సుమంగలని చూపించింది. "ఆ గోడ చూడలేదా మీరు?"

"చూశాను."

సుమంగల స్విచ్చి మీద నుంచి వేలు తియ్యలేదు. అమ్మ వైపు చూడనూ లేదు. "తియ్యాలనుంటే తియ్యి," అంది. "నేను మాత్రం లేవను."

మెరిసింది. వెంటనే ఉరిమింది. తెర మీద ఇంకో ప్రశ్న ఉంది. నొక్కాను. నా పిల్లలిద్దరూ హాస్టల్లో ఉన్నారనీ, మా ఆయన శనివారం గానీ ఓడరేవు పని నుంచి రాడనీ, ఎందుకో ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

"అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ," అని అత్తగారు మొదలుపెట్టింది. పేర్లన్నీ అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చేది. చెయ్యి పిడి మీదే ఉంది, కానీ లాగలేదు. గదిలో దీపం ఒకసారి మసకబారింది. ల్యాప్‌టాప్ తెర కూడా వణికింది. దీపం మళ్ళీ నిలబడింది. ఆవిడ గొంతు మాత్రం ఆగలేదు, కాస్త బొంగురుపోయింది అంతే.

ప్రశ్నలు ఆగిపోయాయి. ఇంక సరిచేయడానికేమీ లేదన్న వాక్యం ఒకటి వచ్చింది. కార్డు తీసి చిన్న కంప్యూటరులో పెట్టాను. సన్న తీగ తగిలించాను. ఎర్ర దీపం. అక్షరాలు పైకి పాకాయి. ఇందాక ఆగిన చోటుకి వచ్చాయి. దాటాయి. ఆకుపచ్చ దీపం మినుకుమంది, ఆగింది, మళ్ళీ మినుకుమని ఇంక ఆగలేదు.

బల్బుల తీగ తిరిగి కలిపాక అవి వాటంతట అవే వెలిగాయి. సుమంగల వేలు ఇంకా గాల్లో నొక్కుతున్నట్టే కదులుతోంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని నిమురుకుంది.

ముల్లు దాని చోటుకి వచ్చాక పెట్టె తెరిచి, ఒక గుడ్డు వెనక టార్చి పెట్టింది. లోపల నల్లగా, నిశ్చలంగా ఉంది. దించేసింది. ఇంకొకటి. అదీ కదల్లేదు. అత్తగారు స్విచ్చి దగ్గరే ఉండిపోయింది. దగ్గరికి రాలేదు. తర్వాతి గుడ్డు సుమంగల చాలాసేపు పట్టుకుంది. టార్చి ఆర్పి, చెవి దగ్గర పెట్టుకుంది. తర్వాత లేచి వెళ్ళి దాన్ని వాళ్ళమ్మ చెవికి ఆనించింది.

"విను."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. "తిడుతోంది," అంది చివరికి. "నన్నే."

"తిట్టదా మరి," అంది సుమంగల. కానీ గుడ్డుని అమ్మ అరచేతిలోనే కాసేపు ఉంచింది.

అన్నీ పగల్లేదు. పగలని వాటిని సుమంగల ఎవరికీ చూపించకుండా కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఆదివారం తంకప్పన్ వచ్చి బోర్లా పడున్న దోనె కడుపు మీద తట్టాడు. బుట్టలో కిచకిచమంటున్న పిల్లల్ని చూశాడు. "ఈ గుప్పెడు పిల్లలకి ఇంత దోనె ఎందుకే?"

"పిల్లలు పెరుగుతాయి. దోనె పెరుగుతుందా?" అంది సుమంగల. "ఇంకో విడత గుడ్లు తెస్తున్నా. టీ తాగి వెళ్ళు."

ఆ మర్నాడు నేను చిన్న కంప్యూటరుకి ఒక మీట బిగించాను. నొక్కితే అది రాయడం ముగించి, కార్డు మూసుకుని, తనే పడుకుంటుంది. ఆకుపచ్చ దీపం పూర్తిగా ఆరాకే తీగ తియ్యాలి. తీశాక పెట్టె మీద దుప్పటి కప్పాలి. అత్తగారికి చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, "దానికి ముందు చెప్పాలి. అంతేగా," అంది.

రెండో విడత గుడ్లు పెట్టెలోకి వెళ్ళాక ఒక మధ్యాహ్నం తరగతి మధ్యలో ఫోన్ మోగింది. కాయలు మీద మళ్ళీ నల్లబడింది. నేను వరండాలోకి వచ్చాను.

"నొక్కాను మోళే," అంది అత్తగారు. "ఆకుపచ్చది ఇంకా ఆరలేదు."

"కాస్త ఆగమ్మా. ఆరుతుంది."

"మెరుస్తోంది ఇక్కడ."

మెరుపుల్లో ఫోన్ ముట్టని మనిషి దాన్ని చెవికి పెట్టుకుని నిలబడి ఉంది. ఫోన్లోంచి ఉరుము వినిపించింది. కాసేపటికి అదే ఉరుము నీళ్ళ మీదుగా నా దాకా వచ్చింది. అవతల ఆవిడ ఊపిరి, దాని వెనక సన్నగా అర్జునుడి పేర్లు. నేను ఫోన్‌ని గట్టిగా పట్టుకుని ఉన్నాను. తీగ మీద ఆవిడ చెయ్యి ఉందని తెలుసు.

"ఇంకా ఆరలేదు," అంది. "తియ్యనులే."