డాక్టరుగారి కడుపుమంట

పొద్దున తొమ్మిదింటికి డాక్టరుగారు క్లినిక్కి వచ్చేసరికి నర్సమ్మ తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని సిద్ధంగా ఉండేది. ఆయన కుర్చీలో కూర్చోగానే ఒక్కొక్కటే ఆయన పొట్ట ముందు పట్టుకునేది. మొదటి పేషెంటు లోపలికొచ్చేలోపు నాలుగు ఆరిపోయేవి. వీధికి అవతల తోడల్లుడి క్లినిక్ ముందు జనం ఎక్కువగా ఉంటే ఆరు కూడా ఆరేవి.

ఆయన కడుపుమంట అలాంటిది. చెయ్యి పెడితే చుర్రుమనేది. రెండేళ్ల కిందట మరదలి మొగుడు సరిగ్గా ఎదురుగా వచ్చి బోర్డు కట్టిన రోజున మొదలైంది. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. వాన రోజుల్లో ముసలి పేషెంట్లు కుర్చీలు కాస్త దగ్గరికి జరుపుకునేవారు. ఇంట్లో భార్య పాలగిన్నె ఆయన ఒళ్లో పెట్టి, "పేపరు చదువుకుంటూ ఉండండి, పొంగితే పిలవండి" అని తన పనిలోకి వెళ్లిపోయేది.

మండదా మరి! ముప్పై ఏళ్లుగా ఆయన ఊళ్లో సగం మంది ఒంటి సంగతులు చెక్క సొరుగుల్లో, కార్డుల మీద, నర్సమ్మకి తప్ప ఎవరికీ అర్థం కాని చేతిరాతతో దాచుకున్నాడు. ఎవరికి మాత్ర మింగుడుపడదో, ఎవరు సూది చూస్తే కళ్లు తిరిగి పడతారో ఆయనకి తెలుసు. ఆ తోడల్లుడో, చేతిలో పలకలాంటిది పట్టుకుని దాని మీద వేలితో గీకుతాడు. జనం ఇంట్లోనే కూర్చుని ఫోనుకి బాధ చెప్పుకుంటే, ఆ ఫోనే నాలుగు ప్రశ్నలు అడిగి వాడి పలకకి పంపుతుంది.

"అది వైద్యమా, వీడియో గేమా?" అనేవాడు డాక్టరు.

"అంతేనండి, అంతేనండి" అనేవారు పేషెంట్లు. మందు చీటీ జేబులో పెట్టుకుని, వీధి దాటి, ఎదురు మెట్లెక్కేవారు.

వాళ్లు పోతే పోయారు. ఇరవై ఏళ్లు ప్రతి మంగళవారం బీపీ చూపించుకుని, ఓ అరగంట కబుర్లు చెప్పి వెళ్లే లెక్కల మాస్టారు కూడా ఓ మంగళవారం తలొంచుకుని ఆ మెట్లే ఎక్కాడు. డాక్టరు కిటికీలోంచి చూశాడు. ఆ పూట నర్సమ్మ ఏకంగా రెండు దుప్పట్లు ఆరబెట్టుకుంది.

ఆ గురువారం స్నానం చేసిన దగ్గర్నుంచీ డాక్టరుకి మంటగానే ఉంది. ఇది కొత్తేమిటి అనుకున్నాడు. క్లినిక్‌కి రాగానే మాత్రం ఓ బుద్ధి పుట్టింది. నర్సమ్మ ఫోను అడిగి తీసుకుని, తెర వెనక్కి వెళ్లి తోడల్లుడి యాప్ తెరిచాడు. చూద్దాం దీని తెలివి!

"మీ వయసు?" అని మర్యాదగా అడిగింది ఫోను.

యాభై ఎనిమిది అంటే వాడు పట్టేస్తాడు. "ముప్పై. గుమాస్తాని."

"మీ బాధ?"

"కడుపుమంట."

"చెమటలు పడుతున్నాయా?"

"లేదు" అన్నాడు నుదురు తుడుచుకుంటూ.

పేషెంటు అబద్ధం చెబితే కార్డు విసిరికొట్టే మనిషి, నిమిషంలో మూడు అబద్ధాలు చెప్పాడు. ఎసిడిటీ కావచ్చు, తగ్గకపోతే డాక్టరుని కలవండి అంది ఫోను. ఆయన పగలబడి నవ్వాడు. "కడుపుమంటంటే ఏమిటో కూడా తెలీదు దీనికి!" అని, ఎందుకైనా మంచిదని ఓ ఎసిడిటీ మాత్ర చప్పరించాడు.

పదకొండింటికి ఎదురు క్లినిక్‌కి పేపరు వాళ్లు ఫోటోలు తీయడానికి వచ్చారు. చెల్లెలు రమ్మందని వచ్చిన డాక్టరుగారి భార్య, అటు వెళ్లే ముందు ఇటు తొంగిచూసింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మంటగా ఉందే" అన్నాడు.

"ఉండదా మరి, ఫోటోలు తీస్తున్నారుగా" అని నర్సమ్మ నవ్వుతూ తడి దుప్పటి తెచ్చి పట్టుకుంది. ఐదు నిమిషాలు గడిచాయి. నీళ్లు టపటపా నేల మీద పడుతూనే ఉన్నాయి.

భార్య ఆయన చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి, గభాలున వెనక్కి తీసుకుంది. కుండలో నీళ్లలా చల్లగా ఉంది పొట్ట.

"ఏవండీ, ఇది ఆ మంట కాదు."

ఆ మాటతో ఆయనలోని డాక్టరు మేలుకున్నాడు. చెమట. ఎడమ చెయ్యి లాగడం. పుస్తకంలో చదివినట్టే ఉంది. ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు.

"మరిదిని పిలుస్తాను."

"వద్దు. వాడి చేత చూపించుకోవడం కన్నా చావడం నయం."

"అయితే చావండి!" అని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి, ఫోటో మధ్యలోంచి మరిదిని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

అతను అరచేతంత యంత్రం తెచ్చి డాక్టరుగారి ఛాతీకి తీగలు అంటించాడు. ఆయన కళ్లు మూసుకున్నాడు. గుండె గీతలు రెండు నిమిషాల్లో పెద్దాసుపత్రికి చేరాయి. అంబులెన్సు వెళ్లేసరికి అక్కడ గుండె డాక్టరు చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. మరో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు.

మూడో రోజు తోడల్లుడు ఒక్కడే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యగారూ, నర్సమ్మ ఫోనులోంచి వచ్చిన ఆ ముప్పై ఏళ్ల గుమాస్తా మీరే కదూ?"

డాక్టరు గోడవైపు తిరిగాడు.

"నిజం చెప్పి ఉంటే అప్పుడే నా పలక గోలగోల చేసేది."

"పేషెంట్లు అబద్ధాలు చెప్తారయ్యా. అది ముందు నేర్పు దానికి."

"నేర్పలేకపోతున్నాను. మీరు మొహం చూసి పట్టేస్తారు." అతను కిటికీలోంచి కిందికి చూశాడు. "లెక్కల మాస్టారితో సహా అందరూ మూడు రోజులుగా కిందే ఉన్నారు. నేను కనిపిస్తే చాలు, మీరెలా ఉన్నారని మీద పడుతున్నారు. పోయిన నెల నేను వారం జ్వరంతో పడుకుంటే ఒక్కడూ అడగలేదు. వేరే యాప్‌లోకి వెళ్లిపోయారంతే."

మంచం అతను కూర్చున్న పక్కంతా ఎందుకో వెచ్చబడుతోంది. డాక్టరు దుప్పటి తోసేశాడు. వెనక్కి తిరిగి, చెయ్యి చాపి తోడల్లుడి పొట్ట మీద పెట్టాడు. చుర్రుమంది.

ఆ చెయ్యి అలాగే ఉంచి, ముప్పై ఏళ్లుగా పేషెంట్లని అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

"చాలా ఏళ్లు" అన్నాడు అతను తలొంచుకుని. "లేకపోతే ఇంత ఊళ్లో మీ ఎదురుగానే ఎందుకు పెట్టాననుకున్నారు?"