అవ్వ పక్కన ఖాళీ జాగ

భానుప్రసాద్ తాగి ఫోటో తీశాడట, అందులో అంజవ్వ ఒక మూలకు పోయిందట. చందూర్ దగ్గరి పల్లెలో, అంజవ్వ పక్కింటి హన్మవ్వ కల్లం కాడ నలుగురిలో ఈ మాట అన్నదని, ఆ ఊరి ఆడపడుచైన భానుప్రసాద్ భార్య వర్షకు ఫోనులో తెలిసింది. అన్నం పెడుతూ చెప్పింది.

"రామ్‌దాస్ అన్న పటం వాపస్ ఇస్తడట గద?"

బోధన్‌లో స్టుడియో పెట్టిన నాటి నుంచి భానుప్రసాద్ మనుషులను నడిమధ్య నిలబెట్టి, చేతులు కిందికి వేయించి తీసినవాడే. మొన్న నిజామాబాద్‌లో కెమెరాల వాళ్ల క్లాసుకు పోయాకే, మనిషిని పక్కకు జరిపి, చూపు పోయే దిక్కు జాగ వదలడం నేర్చుకున్నాడు. రామ్‌దాస్ తల్లి అంజవ్వను అట్లాగే తీశాడు. పటంలో కుడి అంచున నులక మంచం మీద అవ్వ. ఎడమవైపంతా చెరకు కొట్టేసిన చేను, ఆ చివర చిన్నగా బోరు మోటారు డబ్బా. ఇన్నేళ్లలో తాను తీసిన మంచి ఫోటో ఇదొక్కటేనని అతని నమ్మకం. రామ్‌దాస్ కొత్తింటి గోడ మీద దాన్ని చూసుకోవాలని ఆశ.

తెల్లారి బండి మీద రామ్‌దాస్ ఇంటికి పోయేసరికి పటం గోడకు లేదు. కుర్చీలో ఆనించి ఉంది. రామ్‌దాస్, అతని భార్య సౌందర్య, హన్మవ్వ దాని ముందు నిలబడి ఉన్నారు. అంజవ్వ గడప దగ్గర చింతపండు గింజలు తీస్తున్నది.

"రా తమ్మీ, మంచిగ జేసినవ్. బాపుకు జాగ ఇడిసినవ్," అన్నాడు రామ్‌దాస్.

తిడతాడనుకుంటే మెచ్చుకుంటున్నాడు. రామ్‌దాస్ చనిపోయిన తండ్రి ఆధార్ కార్డు తీసి చేతిలో పెట్టాడు. పోయినవాళ్లను కంప్యూటర్లో తెచ్చి ఉన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టడం భానుప్రసాద్‌కు రోజూ ఉండే పనే.

"బాపుకు గాదన్నా. జాగ జాగనే."

"జాగ జాగనే ఏందయ్యా?"

"కాంట లెక్క అన్నా. ఇటు అవ్వ బరువు, అటు దూరంల మోటారు డబ్బ. రెండు తూగుతున్నయి."

"మా అవ్వ, మోటారు డబ్బ సమానమా?"

హన్మవ్వ పకపకా నవ్వింది. "నే జెప్పలే, తాగిండని?"

సౌందర్య పటం మీదికి వంగింది. "మామకే ఇడిసిండు. ఆలి మగనికి ఎడమ దిక్కు కూసోవాలె గద. మామ మనకెల్లి మొకం పెట్టి కూసున్నడనుకో, అత్త సరిగ్గ ఎడమ దిక్కే ఉన్నది. సూపు గూడ గటే పెట్టింది."

భానుప్రసాద్ చూశాడు. నిజమే. మంచం మీద ఇంకొక మనిషికి సరిపడా చోటు కూడా ఉంది. అది చూసి తీశాడా, చూడక తీశాడా? క్లాసులో విన్నది ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

"బాపును పెట్టనంటే అవ్వను నడుమకు తే," అన్నాడు రామ్‌దాస్. "రేపు దండ ఏస్తే గూడ నడుమ ఉంటెనే అందం."

సౌందర్య మొగుడిని మోచేత్తో పొడిచింది. భానుప్రసాద్ గడప వైపు తిరిగాడు.

"అవ్వా, నువ్వే జెప్పు. గా ఖాళీల ఏం పెట్టమంటవ్?"

అంజవ్వ తలెత్తింది.

"పొద్దుగాల్నించి అందరు లేనికాడనే సూస్తుండ్రు. ఉన్నదాన్ని, నన్ను ఒక్కలన్న సూసిండ్రా?"