మూడో కాయితం

నా పేరు నిరోష. నల్లగొండలో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ క్లాసులో నన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు. పిలవనివ్వలేదు మా కమలాకర్ సార్.

మొదటి సంవత్సరం, మొదటి వారం. బోర్డు మీద లెక్క చేసి పక్కకు జరిగాను. ఎలా చేశావని అడిగాడు. "గిట్ల చేసిన సార్," అన్నాను. దేవరకొండ పిల్ల ఇంకేమంటుంది? ఆయన చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "గిట్లా? అది ఏ దేశపు భాషమ్మా?" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. నవ్విన వాళ్లలో సగం మంది ఇళ్లల్లో పొద్దున లేస్తే గిట్ల, గట్ల తప్ప వేరే మాట వినపడదు. ఆ మాటకొస్తే సార్‌ది కూడా మా వైపు ఆలేరే.

మర్నాటి నుంచి హాజరు వేసేటప్పుడు కూడా నేను 'గిట్ల'నే. "గిట్ల వచ్చిందా?" అనేవాడు. పలికితే ప్రెజెంటు, పలకకపోతే ఆబ్సెంటు. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు కాబట్టి పళ్లు కొరుక్కుంటూ పలికాను. మూడో సంవత్సరం వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చిన సార్ ముందు కూడా, "ఇది మా గిట్ల సార్. కాస్త మెల్లగా అడగండి, అర్థం కాదు," అని నవ్వాడు. అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు తెలుసు నాకు. నోరు పెగల్లేదు. మార్కులు పోయాయి. బాత్రూంలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఆ రోజే అనుకున్నాను, ఇది ఊరికే పోనివ్వనని.

చివరి సంవత్సరంలో జర్మనీలో ఎమ్మెస్‌కి అప్లై చేయడం మొదలుపెట్టాను. దానికి హెచ్‌ఓడీ సిఫారసు ఉత్తరం కావాలి. మా హెచ్‌ఓడీ ఇంకెవరు, కమలాకర్ సారే. అయితే ఉత్తరం ఆయన రాయడు. మన గొప్పలు మనమే ఆయన రాసినట్టు రాసుకుని, ప్రింటు తీసుకుని వెళ్తే చదవకుండా సంతకం పెడతాడు. మా సీనియర్లంతా అలాగే వెళ్లారు.

అంటే ఆయన మాటగా నేను ఏం రాసినా చెల్లుతుందన్నమాట. ఈ సంగతి తట్టిన రోజు కడుపు నిండా అన్నం తిన్నాను.

మూడు కాయితాలు తయారు చేశాను. పై రెండూ రెండు యూనివర్సిటీలకు, మామూలు పొగడ్తలు. మూడోది నాకు. అప్లికేషన్‌కి రెండు రోజులే గడువుంది. నా రూమ్మేటు ప్రవళిక మూడోది చదివి తల పట్టుకుంది.

"పిచ్చి లేసిందానే? ఒక్క లైను సూసిండంటే మూడూ చింపేస్తడు. నీ జర్మనీ పాయె!"

"పోతే పోనీ. గీ పేరు మోసుకుంట మాత్రం నేను జర్మనీ పోను," అన్నాను.

అన్నానే గాని, ఆయన గదిలో మూడోదాన్ని మిగతా రెండింటి కిందికి తోసి మరీ బల్ల మీద పెట్టాను. సార్ చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఎవరితోనో ప్లాటు సంగతి మాట్లాడుతూ చకచకా మూడు సంతకాలు గీకేశాడు. పక్కన అటెండర్ అంజయ్య ముద్ర వేస్తున్నాడు. ఒకటి. రెండు. మూడో కాయితం దగ్గర అంజయ్య చెయ్యి ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. "గి... ట్ల..." అని పెదవులు కదిలాయి. తలెత్తి నన్ను చూశాడు.

"ఏంటి అంజయ్యా, ఇంతసేపు?" అన్నాడు సార్.

"సిరా ఎండింది సార్," అని అంజయ్య ముద్రను డబ్బాలో గట్టిగా అద్ది, ఇంకా గట్టిగా గుద్దాడు. కాయితాలు నా చేతిలో పెట్టి, "జల్ది పో బిడ్డా," అన్నాడు.

సీటొచ్చింది. వీసా వచ్చింది. కాలేజీ నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తెచ్చుకుని పెట్టెలో సర్దుకున్నాను. ఇక ఆయన నన్నేమీ చేయలేడు. ప్రయాణం ఇంకో నాలుగు రోజులుందనగా కాలేజీ నుంచి ఫోను. సెప్టెంబరు తొమ్మిది, తెలంగాణ భాషా దినోత్సవం నాడు నాకు సన్మానమట. ఫ్లెక్సీలో సార్ ఫొటో తలుపంత, నాది తపాలా బిళ్లంత.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, రోజులు మారాయి. మైకు ముందు సార్ నోట యాస పొంగిపొర్లింది. "మన బాస మన ఇజ్జత్! గీ బిడ్డకు సీటెట్లొచ్చింది? నేను రాసిన ఉత్తరంతోని. ఒక్కో మాట తూకమేసి నేనే రాసిన. ఏం బిడ్డా, ఉన్నదా ఉత్తరం? మన బాసల సదివి ఇనిపియ్యి."

"ఉన్నది సార్," అన్నాను. మూడో కాయితం ఏడు నెలలుగా నా బ్యాగులోనే ఉంది. మైకు అందుకుని, ఇంగ్లీషు చూస్తూ మన భాషలో చదివాను.

"'గీ పిల్ల పేరు నిరోష. నాలుగేండ్లు నేను గా పేరు ఒక్కసారి గూడ పలుకలే. గిట్ల అని పిలిచిన. క్లాసంత నవ్వుతుంటె నేను గూడ నవ్విన. వైవాల పరాయి సార్ ముంగట గిట్లనే పిలిచి నోరు లేవకుండ జేసిన...'"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఈసారి నా మీద కాదు.

"ఆపండి! అది నేను రాయలేదు!" సార్ కుర్చీలోంచి లేచాడు. కంగారులో యాస ఎటు పోయిందో.

ప్రిన్సిపాల్ మేడం చెయ్యి చాచి కాయితం తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. "సంతకం మీదే. ముద్రా మీదే. ఇప్పుడే కదా సార్, ఒక్కో మాట తూకమేసి రాశానన్నారు?"

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాకు రవ్వంత జాలి కూడా కలగలేదు. నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకూడదని మెల్లగా, "నిరోషా... ఇక చాలమ్మా," అన్నాడు.

నిరోష. ఆయన నోట నా పేరు అదే మొదటిసారి. నాలుగేళ్ల మంట ఒక్కసారిగా చల్లారింది. కానీ ఆయన గొంతు తగ్గించి అన్న మాట మైకు మాత్రం వినేసింది, హాలంతా వినేసింది.

మేడం చేతిలోంచి కాయితం మెల్లగా తీసుకున్నాను.

"ఆఖరి లైనున్నది సార్," అని చదివాను. "'గీ ఉత్తరం నేను సదువకుండనే సంతకం పెట్టిన.' గిట్లనే ఉన్నది సార్. కావాల్నంటె సూస్కోండ్రి."