సాయంత్రం వ్యాయామం

యతిరాజులుకు గుండెపోటు వచ్చాక అమ్మణి ఇంట్లో శాంతి నెలకొంది. పాపపు మాటే, కానీ నిజం. వాషర్‌మెన్‌పేట్ బట్టల గోడౌనులో వయసంతా బేళ్లు మోసిన చేతులు ఆయనవి. ఆ విసుగంతా పెళ్లయిన నాటినుంచి పెళ్లాం వీపు మీదే దించుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు ఆ చేతులు మంచినీళ్ల చెంబు కూడా ఎత్తలేకపోయాయి. ఆయన నోటికి గంజి అందిస్తూ, దేవుడా ఈయన్ని బతికించు, కానీ ఇట్లాగే ఉంచు అని అమ్మణి మొక్కుకుంది.

మొదటి సగం దేవుడు విన్నాడు. రెండో సగం ఆసుపత్రివాళ్లు జరగనివ్వలేదు.

వాళ్లు ఆయన మణికట్టుకు ఒక వాచీ తొడిగారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో అది ఫోనుకు చెబుతుంది, ఫోను ఆసుపత్రిలో ఉన్న నర్సు ఆశకు చెబుతుంది. వ్యాయామంతో గుండె తగినంత వేగం అందుకుంటే ఫోనులో పచ్చగుర్తు పడి చప్పట్లు మోగుతాయి. ఆశది ఒంగోలు, మాట తేనె. ప్రతి ఆదివారం తన పేషెంట్లందరినీ పెళ్లాలతో సహా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి పలకరిస్తుంది. ఆమె చెప్పినట్టే అమ్మణి వేళకు మాత్రలిచ్చింది, వీధి చివరిదాకా పట్టుకుని నడిపించింది, ఉప్పు తగ్గించి వండింది. పాముకు పాలు పోసి పెంచడమంటే ఇదే.

చేతుల్లోకి బలం వచ్చిన రోజు చప్పిడి రసం గిన్నె వెళ్లి గోడకు తగిలింది. ఆ వెనకే అమ్మణి తల తగిలింది.

"ఇది రసమా, కూవం మురుగునీళ్లా? నన్ను సంపాలని చూస్తుండావా?"

జుట్టు చేతికి చుట్టుకుని ఆయన కొడుతుంటే మంచం మీది ఫోను చప్పట్లు కొట్టింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. అమ్మణికి తోటికోడళ్లు లేరు, ఆ కొరత ఫోను తీర్చింది. చప్పట్లు విని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు ఆశ ఫోన్ చేసింది. "అమ్మా, నిన్న సాయంత్రం అంకుల్ గుండె మంచి వేగం అందుకుంది. ఏం చేశారు?"

ఇంటి గుట్టు బయటపెట్టడం వాళ్ల వంశంలోనే లేదు. వాచిన పెదవితోనే, "మెట్లెక్కినాడమ్మా," అంది అమ్మణి. ఆశ సంతోషించి, అలాగే కానివ్వమంది. పక్కన కూర్చున్న యతిరాజులుకు నవ్వొచ్చింది. అది మొదలు సాయంత్రమైతే చాలు, ఏదో ఒక వంక దొరికేది. ఒకరోజు నడుం విరగదన్నాడు, ఒకరోజు మోచెయ్యి మెలిపెట్టాడు. ఆశ అడిగినప్పుడల్లా అమ్మణి మెట్లనే చెప్పింది. వాళ్లుండే పోర్షనుకు మెట్లే లేవు.

ఆదివారం కాల్‌లో ఆశ అందరి ముందూ ఆయన్ని మెచ్చుకుంది. "అంకుల్, మీ గుండె బాగా తట్టుకుంటోంది. రేపటినుంచి సాయంత్రమే కాదు, పొద్దున కూడా చేయండి."

"అట్నే చేస్తానమ్మా," అని యతిరాజులు మీసం దువ్వాడు.

పొద్దున కూడానా! అమ్మణి ఫోను దగ్గరికి జరిగింది. ఈ లెక్కన ఆయన గుండె బాగయ్యేలోగా తన ప్రాణం పోవడం ఖాయం. చావుభయం ముందు ఇంటి గుట్టు ఏపాటిది?

"ఆశమ్మా, ఈడ మెట్లు లేవు. ఆయన చేసేది నన్ను కొట్టడమే. రెండు తూర్లు చేయమని మాత్రం చెప్పబాకమ్మా."

మాట ముగిసీ ముగియకముందే దెబ్బ పడింది. పన్ను ఊడి ఒళ్లో పడింది. రెండోది మెడ మీద, మూడోది కణత మీద. కోపంలో ఆయన ఫోను సంగతే మరిచాడు. బియ్యం డబ్బాకు ఆనించిన ఫోనులో ముఖాలన్నీ కొయ్యబారిపోయాయి. వ్యాసర్పాడిలో ఉండే మరో రోగి భార్య పాప్పాత్తి ఒక్కతే అరిచింది.

"అడప్పావీ, పాపిష్టోడా! చెయ్యి తీయరా ముసిలోడా!" ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఆశమ్మా, మా ఆయన సాయంత్రం లెక్క కూడా ఒకతూరి చూడు," అంది.

ఆశ పక్కనున్న ఇంకో ఫోను అందుకుంది. "అమ్మణమ్మా, కాల్ కట్ చేయకుండా ఫోన్ పట్టుకుని బయటికొచ్చేయండి. పోలీసుల్ని పిలుస్తున్నాను."

యతిరాజులు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి ఆయన. అంతమంది కళ్లెదుట కొట్టడం ఎన్నడూ అలవాటు లేదు. అమ్మణి కొంగుతో నెత్తురు తుడుచుకుని లేచింది, ఫోను అందుకుంది. గడప దాటుతుంటే వెనకనుంచి జాలిగొలిపే గొంతు వినిపించింది.

"యాడికే? నాకు మాత్తర ఎవురిస్తారు?"

అమ్మణి ఆగింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"చేతులు బాగయినాయి కదయ్యా. నువ్వే తీసుకో."