కోడలికి తెలియకూడని మార్కులు

పరీక్షల బోర్డుకు వచ్చే ఫోన్లెత్తడం కోడలి ఉద్యోగం. విద్యార్థుల వివరాలన్నీ ఆమె ఎదురుగా ఉన్న కంప్యూటర్లోనే ఉంటాయి. అడిగినవాళ్లు తామెవరో రుజువు చేసుకుంటే తప్ప ఒక్క ముక్క బయటికి రాకూడదు. ఈ పద్ధతి ఇంట్లో అత్తగారికి బొత్తిగా నచ్చేది కాదు.

“ఎదురింటి కుర్రాడికి ఎన్నొచ్చాయో చూసి చెప్పమంటే ఇంత బెట్టా? ఊళ్లోవాళ్లకి చెప్పనులే.”

“మీకు చెబితే ఊళ్లోవాళ్లకి వేరే చెప్పాలా అత్తయ్యా?” అని నవ్వేసేది కోడలు.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి, మాటలు ఏరి ఏరి మాట్లాడుతోంది.

“నేను ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాశానండీ. మార్కుల కాయితం ఇంటికి పంపకండి. నేనే వచ్చి తీసుకుంటాను.”

“అలాగేనండి. ముందు హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ చెప్పండి,” అంది కోడలు తన ఆఫీసు గొంతుతో.

“పుట్టిన తేదీ కూడా కావాలా?”

“మాట్లాడేది మీరేనని మాకు తెలియాలి కదండీ.”

ఆవిడ నసిగి నసిగి చెప్పింది. ఇక అడ్రసు కూడా కొడితే ఫైలు తెరుచుకుంటుంది. డోర్ నంబరు వినగానే కోడలి వేళ్లు ఆగిపోయాయి. అది తమ ఇల్లే.

“ఇంకో మాటమ్మా,” అంది అవతలి గొంతు. “మా కోడలు మీ ఆఫీసులోనే చేస్తుంది. తన కంట మాత్రం పడనివ్వకండి.”

“ఎందుకండీ?” అడక్కూడదని తెలిసీ అడిగేసింది.

“మంచి పిల్లేనమ్మా. కానీ బాగా చదువుకుంది. నేను తప్పానంటే రేపటినుంచి తన మీద పెత్తనం ఎలా చెయ్యను?”

కోడలు నవ్వు ఆపుకుని, లైన్లో ఉండమని చెప్పి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లింది.

“మేడమ్, ఈ ఫైలు మా అత్తగారిది. నాకు కనబడకుండా చెయ్యండి.”

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది. “ఫలితాలొచ్చాక పాసయిందో లేదో చూసుకోవాలని ఉండదా నీకు?”

“ఉంటుంది. అందుకే మూసేయమంటున్నాను.”

సూపర్‌వైజర్ ఆ ఫైలుకు తాళం వేసి, ఫోన్ తనే మాట్లాడింది.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. “అమ్మ ఈమధ్య అదోలా ఉందేంటి?” అని భర్త అడిగితే “ఎండలు కదా,” అంది కోడలు. మర్నాడు కూరగాయలు తరుగుతూ అత్తగారే కూపీ తీసింది.

“మీ ఆఫీసులో నీకు అందరివీ కనబడతాయా?”

“చుట్టాలవి చూడకూడదు అత్తయ్యా. తెలిస్తే తాళం వేయించేస్తాం.”

అత్తగారి మొహం తేటపడింది. ఆ పూట గిన్నెలు కూడా ఆవిడే తోమేసింది.

ఫలితాలొచ్చిన సాయంత్రం కోడలు వచ్చేసరికి అత్తగారు ముసుగుతన్ని పడుకుని ఉంది. తలనొప్పి అంది. కోడలు టీ పెట్టిచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. టీ చల్లారిపోతుండగా అత్తగారు లేచి కూర్చుంది.

“నేను పదో తరగతి రాశాను. లెక్కల్లో తప్పాను. మిగతావి గట్టెక్కాయి.”

కోడలు ఇక దాచలేకపోయింది. “ఆ రోజు ఫోనెత్తింది నేనే అత్తయ్యా. మార్కులు మాత్రం చూడలేదు.”

అత్తగారు టీ గ్లాసు కింద పెట్టింది. “మరి మావాడికి కూడా చెప్పలేదా?”

“చెప్పడానికి అది నా సంగతా?”

అత్తగారు దుప్పటి పక్కకు తోసింది. “అయితే లెక్కలు నువ్వే చెప్పు. విసుక్కోకూడదు.”

“విసుక్కోను. మీరూ అలగకూడదు.”

ఇద్దరూ మాట తప్పారు. భిన్నాల దగ్గర కోడలు విసుక్కుంది. బీజగణితం దగ్గర అత్తగారు అలిగి అన్నం మానేసింది. అయినా రెండోసారి లెక్కలు గట్టెక్కాయి. అత్తగారు చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మార్కులతో సహా చెప్పి వచ్చింది.